తవ్వుకోవాలా, కట్టుకోవాలా? మట్టి ఇల్లు ఎంచుకునే ముందు

మట్టి ఇల్లు అనుకోగానే చాలామంది ముందు ఫొటోలు చూస్తారు. గుండ్రటి గోడ, గూట్లో దీపం, చేతి గుర్తులు కనిపించే పూత. అది మనసుకు పట్టాక మేస్త్రీని వెతుకుతారు. స్థలంలో ఉన్న మట్టి సంగతి అన్నిటికన్నా చివర్లో గుర్తొస్తుంది. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం. పాతకాలంలో ఎవరూ మట్టి ఇంటి రకాన్ని బొమ్మ చూసి ఎంచుకోలేదు. కాళ్ల కింద ఏ మట్టి ఉంది, వాన ఎంత పడుతుంది, కలప దొరుకుతుందా, సాయానికి ఎంతమంది వస్తారు అన్న నాలుగు సంగతులే ఆ ఇంటి రూపాన్ని తేల్చాయి. పాత ఇళ్ల చరిత్ర మనకు పనికొచ్చేది ఇక్కడే. ఒక్కో రకం ఇల్లు ఒక్కో లెక్కకు దొరికిన జవాబు. మీ లెక్క ఏదో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

తవ్విన ఇళ్లు

తవ్వి చేసుకునే ఇల్లు వినడానికి చవకగా ఉంటుంది. గోడ లేపక్కర్లేదు, కప్పు వేయక్కర్లేదు, ఉన్న నేలలోంచి కొంత తీసేస్తే గది వస్తుంది. కాకపోతే అలా తీసేసినా కూలకుండా నిలిచే నేల లోకంలో కొద్దిచోట్లే ఉంది.

ఉత్తర చైనాలోని లోయెస్ పీఠభూమి అలాంటిది. లక్షల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పోసిన సన్నటి పసుపు మట్టి అక్కడ కొన్నిచోట్ల వంద మీటర్ల మందం దాటి ఉంటుంది. నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది. కొండ వాలు ఉన్నచోట అందులోకి కమాను ఆకారంలో గదులు తొలిచారు. చదునైన నేల అయితే ముందు పెద్ద చదరపు గొయ్యి తవ్వి, దాన్నే వాకిలి చేసుకుని, నాలుగు పక్కలా గదులు తొలిచారు. వీటినే యావోదోంగ్ అంటారు. ఇటీవలి దశాబ్దాల వరకూ కోట్లమంది వీటిలో కాపురాలు చేశారు.

టర్కీలోని కప్పదోకియాలో ఉన్నది మట్టి కాదు, అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి అయిన టఫ్ అనే రాయి. తొలిచేటప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక పైపొర బిరుసెక్కుతుంది. తొలిచేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడి డెరింకుయు అనే భూగర్భ పట్టణం సుమారు 85 మీటర్ల లోతుకు వెళ్తుంది. 1963లో ఒకాయన ఇల్లు బాగుచేయించుకుంటూ గోడ పగలగొడితే అది మళ్లీ బయటపడింది. అందులో నాకు లోతు కన్నా ఎక్కువ నచ్చేది గాలి కోసం పైనుంచి కిందిదాకా దింపిన నిలువు గొట్టాల లాంటి బావులు. తవ్వడం వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, గాలి గురించి ముందే ఆలోచించేవాళ్లు తక్కువ.

ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీ ఇంకో సంగతి చెబుతుంది. 1915లో అక్కడ ఓపల్ రాళ్లు దొరికాయి. గనుల కోసం వచ్చినవాళ్లు ఎండకు తాళలేక భూమిలోనే ఇళ్లు చేసుకున్నారు. వేసవిలో బయట 45 డిగ్రీలు ఉన్నా లోపల 25 దరిదాపుల్లో ఉంటుంది. ఇది విని “భూమిలోపల ఎక్కడైనా చల్లగానే ఉంటుంది” అనుకోవడం పెద్ద పొరపాటు. కొన్ని మీటర్ల లోతుకు వెళ్లాక నేల వేడి ఆ చోటి ఏడాది సగటుకు దగ్గరగా స్థిరపడుతుంది. చలికాలం, వేసవి, పగలు, రాత్రి మధ్య తేడా ఎక్కువగా ఉండి, సగటు ఇరవై డిగ్రీల చుట్టూ ఉండే పొడి ప్రాంతాల్లో తవ్విన ఇల్లు అద్భుతం. ఏడాది పొడుగునా ఉక్కగా ఉండి, సగటే 28 అయిన చోట తవ్వితే లోపల కూడా ఆ 28 చుట్టూనే ఉంటుంది. పైగా తేమగాలి చల్లటి గోడకు తగిలి చెమ్మ దిగుతుంది, బూజు పడుతుంది. కాబట్టి తవ్వాలని ఉంటే మొదట చూడాల్సింది మీ ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత, గాలిలో తేమ. మట్టి పరీక్ష ఆ తర్వాత.

రెండో ప్రమాదం నీళ్లు. ట్యునీషియాలోని మాత్మాతాలో గొయ్యి వాకిలి చుట్టూ తొలిచిన ఇళ్లు తరతరాలుగా నిలిచాయి. 1960ల చివర్లో రోజుల తరబడి కురిసిన వానలకు వాటిలో చాలా కూలిపోయాయి. పొడి నేల అని నమ్మి తొలిచిన ఇంటికి ఒక్క చెడ్డ సంవత్సరం చాలు. మూడోది భూకంపం. 1556లో చైనాలోని షాన్సీలో వచ్చిన భూకంపంలో సుమారు 8.3 లక్షల మంది పోయారని అక్కడి రికార్డులు చెబుతాయి. అంత ఘోరం జరగడానికి ఒక ముఖ్య కారణం జనం యావోదోంగ్‌లలో నిద్రపోతూ ఉండడం. ఆ లోయెస్ మట్టి నిలువుగా ఎంత చక్కగా నిలుస్తుందో, ఊగితే అంత సులువుగా జారుతుంది.

ఇటలీలోని మతేరాది వేరే కథ. మెత్తటి సున్నపురాయిలో తొలిచిన ఆ ఇళ్లలో మనుషులు, పశువులు ఒకే గదిలో, చెమ్మలో, జబ్బుల మధ్య బతికేవాళ్లు. 1952లో ప్రత్యేక చట్టం తెచ్చి సుమారు 15,000 మందిని అక్కడినుంచి ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. 1993లో అదే చోటు యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఇప్పుడు ఆ గుహల్లో హోటళ్లు నడుస్తున్నాయి. రాయి మారలేదు. మారింది నీళ్ల పైపు, మురుగు కాలువ, గాలి, కరెంటు. ఎవరైనా మీకు పాత గుహ ఇల్లు చూపిస్తే లోపలి అందం తర్వాత, ముందు ఈ నాలుగూ ఎలా ఉన్నాయో అడగండి. కొన్ని ప్రాంతాల్లో నేలలోంచి రాడాన్ వాయువు వచ్చి మూసిన గదుల్లో పేరుకుంటుంది, అది ఊపిరితిత్తులకు చేటు. దాన్ని కొలిచే పరికరం చిన్నదే. కొలిపించాకే డబ్బు కట్టండి.

నా సలహా అడిగితే, ఇప్పటికే తరాలుగా నిలిచి ఉన్న తవ్విన ఇల్లు దొరికితే ఆలోచించండి. కొత్తగా తవ్వే పనైతే భూగర్భ నిపుణుడు స్వయంగా వచ్చి చూసి సరేనంటే తప్ప వద్దు. మధ్యేమార్గంగా కొందరు కాంక్రీటుతో గది కట్టి పైన మట్టి కప్పుతారు. చూడ్డానికి గుహలాగే ఉంటుంది గానీ లెక్క వేరు. తడిసిన మట్టి ఘనమీటరు సుమారు రెండు టన్నులు తూగుతుంది. కప్పు మీద మీటరు మందం మట్టి వేస్తే ప్రతి చదరపు మీటరుకూ అంత బరువు. అది ఇంజనీరు లెక్కకట్టాల్సిన ఇల్లు, వాటర్‌ప్రూఫింగ్‌లో పైసా మిగల్చకూడని ఇల్లు.

కట్టే మట్టి: మూడు పాత దారులు

అసలు పోటీ ఇక్కడ ఉంది. పచ్చి ఇటుక, దిమ్మిస గోడ, ముద్దమట్టి గోడ. మూడింటికీ సరుకు ఒకటే, తేడా నీళ్లు ఎంత కలుపుతారు, ఎప్పుడు ఆరుతుంది అన్న దగ్గర.

పచ్చి ఇటుక చాలా పాతది. జెరికోలో పదివేల ఏళ్ల కిందటే చేత్తో ఒత్తిన ఇటుకలతో ఇళ్లు కట్టారు. టర్కీలోని చాతాల్‌హుయుక్‌లో తొమ్మిది వేల ఏళ్ల కిందట మట్టి ఇటుకల ఇళ్లు ఒకదానికొకటి ఎంతగా ఆనుకుని ఉండేవంటే మధ్యలో వీధులే లేవు. కప్పు మీద నడిచి, పైనున్న రంధ్రంలోంచి నిచ్చెన దిగి ఇంట్లోకి వెళ్లేవాళ్లు. యెమెన్‌లోని షిబాంలో 16వ శతాబ్దం నాటినుంచి పచ్చి ఇటుకలతోనే ఏడేసి అంతస్తుల ఇళ్లు నిలబెట్టారు. కాబట్టి “మట్టి ఇల్లంటే ఒక్క అంతస్తే” అనేవాళ్లతో వాదన పెట్టుకోకుండా షిబాం పేరు చెప్పి ఊరుకోండి.

పచ్చి ఇటుకలోని గొప్పతనం ఏమిటంటే, మట్టి కుంచించుకోవడం, పగలడం అన్నీ గోడలోకి వెళ్లకముందే అయిపోతాయి. ఎండలో ఆరాక పగిలినదాన్ని పక్కన పడేస్తారు, నిలిచినదే గోడకెక్కుతుంది. పనిని ముక్కలుగా చేసుకోవచ్చు, తీరిక ఉన్న రోజు నాలుగు ఇటుకలు కోస్తే చాలు. కలప లేని చోటా ఇది పనికొస్తుంది. ఈజిప్టులో రెండవ రామ్సెస్ స్మారకాలయం పక్కనున్న పచ్చి ఇటుకల కమాను కప్పులు మూడువేల ఏళ్లు దాటినా ఇంకా కొన్ని నిలిచే ఉన్నాయి. 1940లలో యుద్ధం వల్ల కలప, ఇనుము దొరకనప్పుడు హసన్ ఫాతీ అనే వాస్తుశిల్పి కింద చట్రం లేకుండా కమాను లేపే నూబియా మేస్త్రీల పనితనాన్ని చూసి, న్యూ గుర్నా అనే గ్రామాన్ని ఆ పద్ధతిలో కట్టించాడు. పచ్చి ఇటుకతో చిక్కల్లా చోటు, ఎండ. వందల ఇటుకలు పరచడానికి చదునైన జాగా కావాలి, వారాల తరబడి వాన రాకూడదు. మబ్బు పట్టిన ప్రతిసారీ టెన్షన్‌తో పట్టాలు పట్టుకుని పరుగెత్తాలి.

దిమ్మిస గోడ దీనికి ఎదురు కొస. మట్టిలో నీళ్లు చాలా తక్కువ, పిడికిలి పట్టి నొక్కితే ముద్ద కట్టి, భుజం ఎత్తునుంచి జారవిడిస్తే పగిలిపోయేంత తేమ. రెండు పలకల మధ్య జానెడు కన్నా తక్కువ మందంలో పోసి, దిమ్మిసతో శబ్దం గట్టిగా మారేదాకా కొట్టి, ఆపైన ఇంకో పొర. పలకలు విప్పగానే గోడ నిలబడి ఉంటుంది, ఆరేదాకా కూర్చోనక్కర్లేదు. చైనా మహాకుడ్యంలో హాన్ వంశం కాలపు భాగాలు ఇలా కొట్టినవే. ఫూజియన్‌లో తులో అనే పెద్ద పెద్ద గుండ్రటి ఇళ్లూ ఇవే, కొన్ని నాలుగైదు అంతస్తులు, ఒక్కో దాంట్లో వందల మంది. అది తుఫానుల ప్రాంతం అని గుర్తుంచుకోండి. వాన ఎక్కువ పడేచోట మట్టి గోడ నిలవదన్న మాటకు తులోయే జవాబు. రహస్యం గోడలో లేదు, గోడ దాటి ఎంతో ముందుకు వచ్చిన పెంకుల చూరులో, కింద రాతి పునాదిలో ఉంది. జర్మనీలోని వైల్‌బుర్గ్‌లో 1820లలో కట్టిన ఆరు అంతస్తుల దిమ్మిస గోడ ఇంట్లో ఇప్పటికీ జనం ఉంటున్నారు.

మరి లోపం? పలకలు, బిగించే సామాను, కొట్టే యంత్రం లేదా చాలామంది మనుషులు, వాళ్లలో కనీసం ఒకడికి బాగా పని తెలిసి ఉండడం. మట్టిలో ఇసుక, చిన్న గులక ఎక్కువగా ఉండాలి, బంక తక్కువ ఉండాలి. పొర సరిగ్గా కొట్టకపోతే ఆ తప్పు గోడలోనే ఉండిపోతుంది, పచ్చి ఇటుకలా తీసి పారేయలేం. ఇప్పటి కంపెనీలు కొన్ని భద్రత కోసం ఐదు నుంచి పది శాతం దాకా సిమెంటు కలుపుతాయి. అది గట్టిదే, కాదనను. అయితే మళ్లీ నేలలో కలిసిపోయే గుణం దానికి ఉండదు. మట్టి ఇల్లు ఎందుకు కావాలనుకున్నారో ఆ కారణం అదే అయితే ఈ ప్రశ్న ముందే అడగాలి.

ముద్దమట్టి గోడను ఇంగ్లండ్‌లో కాబ్ అంటారు. మట్టి, నీళ్లు, గడ్డి కలిపి బాగా తొక్కి, పలకలూ అచ్చులూ లేకుండా ముద్దల మీద ముద్దలు పేర్చుకుంటూ పోవడమే. మూరెడు ఎత్తు కొంచెం అటూ ఇటూ లేపి, అది బిగిసేదాకా ఆగి, పక్కలు చెక్కి, మళ్లీ పైకి. డెవన్ ప్రాంతంలో వందల ఏళ్ల నాటి కాబ్ ఇళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. గోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని అక్కడివాళ్లు అంటారు. టోపీ అంటే ముందుకు వచ్చిన కప్పు, బూట్లు అంటే తడి పైకి ఎక్కనివ్వని రాతి అడుగు. చేతిలో పార, ఒంట్లో ఓపిక ఉంటే మొదటిసారి కట్టేవాళ్లకు ఇదే సులువు. వంపులు కావాలంటే వంపులు, గూళ్లు కావాలంటే గూళ్లు. ఓపిక అన్న మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండంతస్తుల ఇంటికి ఒక సీజన్ చాలకపోవచ్చు, మధ్యలో గోడను కప్పి కాపాడుకోవాలి. ఒక గది, ఒక చిన్న ఇల్లు, చుట్టూ సాయం చేసే స్నేహితులు ఉంటే కాబ్. గడువు పెట్టుకున్న పని అయితే కాదు.

గతిలేక కట్టినవి, కొత్తగా వచ్చినవి

పచ్చిక పెళ్లల ఇళ్ల గురించి అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు. కలప దొరకని ఐస్‌లాండ్‌లో వేర్లతో సహా కోసిన పెళ్లలతో వెయ్యేళ్లకు పైగా ఇళ్లు కట్టుకున్నారు, 20వ శతాబ్దం వచ్చేదాకా అవే. కాపురముండి సాగుచేసేవాళ్లకు భూమి ఇచ్చే 1862 చట్టం కింద అమెరికా మైదానాల్లో భూమి తీసుకున్నవాళ్లు నెబ్రాస్కా లాంటి చోట్ల చెట్టు కనపడక గడ్డినేలనే దున్ని ఇటుకల్లా పేర్చారు. చలికి వెచ్చగా ఉండేది నిజమే. వాన వెలిసిన తర్వాత కూడా కప్పు కారుతూనే ఉండేది, పురుగులు, పాములు సరేసరి. చేతిలో డబ్బు ఆడగానే ఆ కుటుంబాలు చెక్క ఇళ్లకు మారిపోయాయి. వాళ్లే వదిలేసినదాన్ని మనం కోరి తెచ్చుకోవడం ఎందుకు? కప్పు మీద పచ్చిక కావాలంటే మంచి వాటర్‌ప్రూఫ్ పొర మీద వేసుకోండి, గోడలకు వద్దు.

1950లలో కొలంబియాలో రౌల్ రామిరేస్ చేతితో నడిపే ఒక ప్రెస్ తయారుచేశాడు, పేరు సిన్వా-రామ్. కొద్ది తేమతో ఉన్న మట్టిని, సాధారణంగా ఐదు శాతం చుట్టూ సిమెంటో సున్నమో కలిపి, అందులో ఒత్తితే సమానమైన ఇటుకలు వస్తాయి. పచ్చి ఇటుకకూ దిమ్మిస గోడకూ పుట్టిన బిడ్డ అనుకోండి. ఇంజనీరుకు లెక్కలు ఇవ్వడం సులువు, మామూలు తాపీ మేస్త్రీ కూడా కట్టగలడు, అనుమతుల దగ్గర గొడవ తక్కువ. ఊళ్లో, గడువు మీద, అప్పు తీసుకుని కట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఇరాన్‌లో పుట్టిన నాదర్ ఖలీలీ కాలిఫోర్నియాలో ప్రచారం చేసిన మట్టి బస్తాల పద్ధతి ఇంకొకటి. పొడవాటి సంచుల్లో మట్టి నింపి, చుట్లు చుట్లుగా పేర్చి, వరసల మధ్య ముళ్లతీగ వేసి గుమ్మటంలా ముగిస్తారు. మట్టి నాణ్యత అంత బాగా లేకపోయినా సర్దుకుపోతుంది. ఎండ తగిలితే ప్లాస్టిక్ సంచి త్వరగా చీకిపోతుంది కాబట్టి పూత ఆలస్యం చేయకూడదు. గుమ్మటానికి చూరు ఉండదు, అంటే వానంతా గోడ మీదే. అందుకే ఇది పొడి నేలలకే.

మట్టిని అడగండి

ఈ పేర్లన్నిటికన్నా ముందు ఒక గాజు సీసా తీసుకోండి. పైన గడ్డివేర్లున్న నల్లటి పొర తీసేసి, కింది మట్టిని సీసాలో మూడోవంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెట్టండి. ముందు గులక, ఇసుక దిగుతాయి, తర్వాత ఒండ్రు, చివర్లో బంక. నేను మొదటిసారి చేసినప్పుడు పది నిమిషాలు చూసి “అబ్బే, ఇదంతా ఇసుకే” అని తేల్చేశాను. మర్నాడు చూస్తే పైన వేలెడు మందం బంక కూర్చుంది. ఒక రోజు ఆగాలి.

బంక పది నుంచి ఇరవై శాతం, మిగతాది ఎక్కువగా ఇసుక, గులక అయితే దిమ్మిస గోడ, ప్రెస్ ఇటుక. బంక ఇంకొంచెం ఎక్కువైతే గడ్డి కలిపి పచ్చి ఇటుక, కాబ్. ముప్పై దాటితే ఇసుక తెచ్చి కలపాలి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే రేగడి మట్టి గోడకు పనికిరాదు, దానిమీద పునాది వేయడమే ఒక పరీక్ష. అంచుల్లో తెల్లటి ఉప్పు తేలే చవుడు నేల కూడా వద్దు.

భూకంపాలు వచ్చే చోట ఈ పట్టికంతా పక్కన పెట్టి ఇంకో ప్రశ్న వేయాలి. 2003 డిసెంబర్ 26న ఇరాన్‌లోని బామ్ పట్టణంలో వచ్చిన భూకంపంలో పాతికవేల మందికి పైగా చనిపోయారు, పచ్చి ఇటుకల ఇళ్లు దుమ్ముగా రాలి ఊపిరాడకుండా చేశాయి. మట్టి బరువు ఎక్కువ, లాగితే తట్టుకునే బలం తక్కువ. పెరూలో పరిశోధకులు గోడకు రెండు వైపులా ప్లాస్టిక్ వల బిగించి పూత వేస్తే, గోడ పగిలినా ముక్కలు విడిపోకుండా ఉంటాయని ప్రయోగాల్లో చూపించారు. పెరూ, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో మట్టి కట్టడాలకు ప్రత్యేక నియమాలే ఉన్నాయి. మీ ప్రాంతానికి అలాంటి నియమం ఉంటే దాని ప్రకారం, ఒకే అంతస్తు, చిన్న కిటికీలు, గోడల పైన చుట్టూ బిగించే బెల్టుతో కట్టించుకోండి. ఇవన్నీ కుదరవంటే కలప చట్రానికి మట్టి మెత్తే పద్ధతి మేలు. అక్కడ బరువు మోసేది కలపే.

ఇక పూత. మాలీలోని జెన్నే మసీదుకు ఊరంతా కలిసి ఏటా మట్టి పూత వేస్తారు. అమెరికాలో ఆదివాసుల పాత మట్టి ఇళ్ల ఊరైన తావోస్ ప్వెబ్లోలో కూడా గోడలకు మట్టి మెత్తడం ఎప్పటికప్పుడు జరిగే పని. ఈ పని తప్పించుకుందామని చాలామంది మట్టి గోడకు సిమెంటు పూత వేయిస్తారు. మట్టి ఇళ్లు పాడవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ఎక్కువ. గోడలోకి వెళ్లిన తడి బయటికి రాలేక లోపలే చేరి, మట్టి మెత్తబడుతుంది. పైకి గోడ నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. ఒకరోజు పెచ్చు ఊడితే వెనక బురద. సున్నం పూత లేదా మట్టి పూతే వేయండి. రెండు మూడేళ్లకోసారి నిచ్చెన ఎక్కడం మీవల్ల కాదనుకుంటే, ఆ మాట ఇప్పుడే ఒప్పుకుని బయటి గోడలు ఇటుకతోనో రాయితోనో కట్టి, లోపలి గోడలకు, పూతకు మట్టి వాడండి. అలా చేసినా గదిలో తేమ సర్దుకునే గుణం చాలావరకు దక్కుతుంది.

ఇంకా తేలకపోతే మీ మట్టితోనే మీటరు ఎత్తు గోడలు రెండు కట్టండి, ఒకటి పచ్చి ఇటుకతో, ఒకటి ముద్దతో, రెండింటికీ సగం మేర కప్పు పెట్టి సగం వదిలేయండి. ఒక వానాకాలం పోనివ్వండి. తర్వాత వెళ్లి పైన కాదు, కింది అడుగు దగ్గర వేలితో గీరి చూడండి.